సైకిల్ వీరుడు మేజర్ టేలర్

అండమాన్ నికోబార్ దీవులు అనగానే చాలామందికి సముద్రం, సెల్యులార్ జైలు గుర్తుకొస్తాయి. సైకిల్ పందేలు తెలిసినవారికి డెబోరా హెరాల్డ్, ఈసో ఆల్బెన్ కూడా గుర్తుకొస్తారు. ఈ దీవుల నుంచి వెళ్లి ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్ పోటీల్లో దేశానికి పతకాలు తెచ్చినవారు వీరు. అదే స్ప్రింట్‌లో 1899లోనే ప్రపంచ విజేత అయిన ఒక నల్లజాతి యువకుడి గురించి తెలుసుకుందాం.

అతని అసలు పేరు మార్షల్ వాల్టర్ టేలర్. 1878 నవంబరు 26న అమెరికాలోని ఇండియానాపొలిస్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఒక ధనిక శ్వేతజాతి కుటుంబానికి గుర్రపు బండి తోలేవాడు. ఆ ఇంటి అబ్బాయికి మార్షల్ ఆటల నేస్తం. వాళ్లే అతనికి సైకిల్ ఇచ్చారు. ఆటల్లో అతను ఎవరికీ తీసిపోయేవాడు కాదు. కానీ స్నేహితులందరూ వ్యాయామశాలలోకి వెళ్తే, అతను మాత్రం బయటే ఉండిపోవాల్సి వచ్చేది. నల్లవారికి అందులో ప్రవేశం లేదు.

కొంచెం పెద్దయ్యాక ఒక సైకిళ్ల దుకాణం ముందు సైనికుడి దుస్తుల్లో విన్యాసాలు చేసేవాడు. అలా 'మేజర్' అనే పేరు వచ్చింది. 1895లో లూయిస్ మంగర్ అనే మాజీ పందెగాడు అతని ప్రతిభ గుర్తించి, తనతో పాటు వూస్టర్ నగరానికి తీసుకెళ్లాడు. కొత్త ఊళ్లో వ్యాయామశాల తలుపులు అతనికి తెరుచుకున్నాయి.

స్ప్రింట్ అంటే కేవలం బలం కాదు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వెనకున్నవాడికి గాలి తాకిడి తగ్గి శక్తి మిగులుతుంది. అందుకే చాలామంది వెనక కాచుకుని ఉండి, గమ్యం దగ్గరపడగానే ఒక్కసారిగా వేగం పెంచుతారు. టేలర్‌కు ఇంకో చిక్కు కూడా ఉండేది. కొందరు శ్వేతజాతి పోటీదారులు కూడబలుక్కుని, ముందూ పక్కనా అడ్డంగా తొక్కుతూ అతన్ని మధ్యలో ఇరికించేవారు. సన్నని సందు దొరికినా చాలు, అందులోంచి దూసుకుపోవడం అతను నేర్చుకున్నాడు. 1897లో ఒక పందెం ముగియగానే తోటి పోటీదారు ఒకడు అతని గొంతు నులిమి స్పృహ తప్పేలా చేశాడు. అయినా టేలర్ ట్రాక్ వదల్లేదు.

1899 ఆగస్టు 10న కెనడాలోని మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మైలు స్ప్రింట్ జరిగింది. ఫ్రాన్స్ పోటీదారు కూర్బ్ ద్యూట్రెలాన్‌నూ, తన దేశానికే చెందిన టామ్ బట్లర్‌నూ వెనక్కి నెట్టి టేలర్ మొదట గీత దాటాడు. అప్పటికి అతనికి 20 ఏళ్లు. సైక్లింగ్‌లో ప్రపంచ విజేత అయిన తొలి నల్లజాతి వ్యక్తి అతనే.

తర్వాత యూరప్, ఆస్ట్రేలియా ట్రాక్‌లపైనా గెలిచాడు. దైవభక్తి వల్ల చాలా ఏళ్లు ఆదివారం పందేలకు ఒప్పుకోలేదు. డబ్బు ఎంత ఇస్తామన్నా మనసు మార్చుకోలేదు. ఆస్ట్రేలియాలో పుట్టిన కూతురికి సిడ్నీ అని పేరు పెట్టుకున్నాడు. 1910లో పందేలు మానేశాడు.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. సంపాదించిన డబ్బు పోయింది. తన జీవితకథను తానే పుస్తకంగా అచ్చువేయించి, ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1932 జూన్ 21న చికాగోలో ఆసుపత్రి ధర్మ వార్డులో కన్నుమూశాడు. పేరు కూడా లేని సమాధిలో పూడ్చారు. 1948లో పాత సైకిల్ పందెగాళ్లు కలిసి, అతన్ని మంచి చోట తిరిగి సమాధి చేసి ఫలకం పెట్టారు.

1982లో ఇండియానాపొలిస్‌లో కొత్త సైకిల్ ట్రాక్ కట్టి దానికి మేజర్ టేలర్ పేరు పెట్టారు. చిన్నప్పుడు అతన్ని వ్యాయామశాల బయట నిలబెట్టిన ఊరే అలా అతన్ని గౌరవించింది.