ఆదివారం పరుగెత్తనన్న విజేత

కాలేజీల్లో ఆటల పోటీలకు పేర్లు రాసుకునే రోజులు వచ్చాయంటే కల్వకుర్తి ప్రాంతపు సంఘాల్లో ఒక ప్రశ్న తప్పక లేస్తుంది. మ్యాచ్ ఆదివారం పెట్టారు, ఆరాధనకు రాకపోతే పాపమా అని యౌవనస్థులు అడుగుతారు. ఉద్యోగ పరీక్ష కూడా ఆదివారమే, పిల్లవాణ్ణి పంపాలా వద్దా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇదే ప్రశ్నను లోకమంతా చూస్తుండగా ఎదుర్కొన్న విశ్వాసి ఎరిక్ లిడెల్.

ఆయన 1902లో చైనాలోని టియెన్‌జిన్‌లో స్కాట్లాండ్ మిషనరీ దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులకు దూరమై, మిషనరీల పిల్లల కోసం ఇంగ్లాండ్‌లో నడిపే హాస్టల్ బడిలో పెరిగారు. 1920లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సు డిగ్రీలో చేరారు. మరుసటి ఏడు మే నెలలో పరుగు పందేల కాలం మొదలైంది. విశ్వవిద్యాలయం పోటీల్లో మొదటిసారి దిగిన ఈ విద్యార్థి 100 గజాల పందెం గెలిచి, 220 గజాల పందెంలో రెండో స్థానంలో నిలిచారు. తర్వాత రగ్బీలోనూ స్కాట్లాండ్ జట్టుకు ఆడారు. స్వతహాగా మితభాషి. అయినా 1923లో ఆర్మడేల్ అనే గని కార్మికుల ఊరిలో మొదటిసారి నిలబడి, తన విశ్వాసాన్ని గూర్చి సాక్ష్యమిచ్చారు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పతకం ఆయనదేనని బ్రిటన్ ఆశపడింది. అయితే ఆ పందెం తొలి విడత పరుగులు జూలై 6న, ఆదివారం నాడు పడ్డాయి. ఆయన పరుగెత్తనన్నారు. ఈ సంగతి ఓడ ఎక్కేటప్పుడు తెలిసినట్టు 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చిత్రంలో చూపారు గాని, నిజానికి నెలల ముందే తెలుసు. విమర్శలు ఎన్ని వచ్చినా ఆయన ఎవరినీ నిందించలేదు. మౌనంగా 400 మీటర్ల పరుగుకు సాధన చేశారు. ఆ ఆదివారం పారిస్‌లోని స్కాట్లాండ్ వారి చర్చిలో ప్రసంగించారు. ఆ వారంలోనే, జూలై 11న 47.6 సెకన్లలో 400 మీటర్లు పరుగెత్తి బంగారు పతకం గెలిచారు.

చాలామంది ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఆయన జీవితం ఆగలేదు. 1925లో కీర్తిని వెనుక విడిచి చైనాకు వెళ్లి, టియెన్‌జిన్‌లోని మిషన్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యారు. యుద్ధ భయం పెరగడంతో 1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడా పంపారు. మూడో కుమార్తెను ఆయన కళ్లారా చూడనే లేదు. 1943లో జపాన్ సైన్యం ఆయనను వైషియెన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. అమ్మానాన్నలకు దూరమైన పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. వారికి సైన్సు పాఠాలు చెప్పారు, ఆటలు ఆడించారు. ఆదివారం మాత్రం ఆటలు వద్దన్నారు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడి, ఆపేవారు లేక కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం రిఫరీగా మైదానంలోకి దిగినది ఎవరో కాదు, ఎరిక్ లిడెలే! 1945 ఫిబ్రవరి 21న, 43 ఏళ్ల వయసులో మెదడులో కణితితో ఆ శిబిరంలోనే ప్రభువునందు నిద్రించారు.

ఆయన మాట తప్పారా? లేదని మేము నమ్ముతున్నాము. తన పతకం కోసం సడలించని నియమాన్ని, పరాయి పిల్లల క్షేమం కోసం సడలించారు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవానిని బాగుచేసిన ప్రభువు మార్గం కూడా ఇదే. ఆదివారాన్ని స్వలాభానికి వాడుకోవడం వేరు, ప్రేమ కోసం ఖర్చుపెట్టడం వేరు.

మన పాలమూరు పల్లెల్లోనూ తల్లిదండ్రులు వలస పోతే అవ్వాతాతల దగ్గర, హాస్టళ్లలో పెరుగుతున్న పిల్లలున్నారు. ఆదివారం ఆటకు వెళ్లారని వారిని గద్దించడం సులువు. ఆరాధన ముగిశాక సాయంత్రం వారితో ఓ గంట మైదానంలో నిలబడే పెద్దలు సంఘానికి కావాలి. యౌవనస్థులారా, ఆదివారం మైదానానికి వెళ్లేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పరుగు నా కోసమా, ప్రభువు కోసమా? ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకున్నవారికి ఆదివారం ఏమి చేయాలో ప్రభువే నేర్పిస్తాడు.