జపాను ప్రధాని షిగేరు యోషిదా

గెలిచిన దేశమునకు నాయకుడై కీర్తి పొందినవారు పెక్కుమంది కలరు. ఓడిన దేశమునకు నాయకుడై, ఓడించినవారితోనే మైత్రి నెఱపి, ఆకలిగొన్న ప్రజలకు బ్రతుకు తెరువు చూపినవారు అరుదు. అట్టివారిలో షిగేరు యోషిదా ఒకడు. ఆయన చరిత్రను మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

యోషిదా 1878వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. కన్నతండ్రి రాజకీయములలో తిరిగిన వాడు. పసితనముననే యొకోహామా వర్తకుడైన కెంజో యోషిదా ఆ బాలుని దత్తు చేసికొనెను. పెంపుడు తండ్రి అకాలమరణము నొందగా, పదునొకండేండ్ల ప్రాయమున గొప్ప ఆస్తికి వారసుడయ్యెను. 1906లో టోక్యో విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ యేడే విదేశాంగ శాఖలో ప్రవేశించెను. చైనాలో పెక్కేండ్లు పనిచేసెను. పిదప ఇటలీకిని, 1936 నుండి 1938 వఱకు ఇంగ్లండునకును రాయబారిగా నుండెను.

ఆ కాలమున జపానులో సైన్యాధికారులదే పైచేయి. చైనాలో జపాను పలుకుబడి పెరుగవలెనని యోషిదాయు కోరినవాడే. కాని ఇంగ్లండు, అమెరికాలతో వైరము దేశమునకు చేటని ఆయన నమ్మెను. 1936లో ఆయనను విదేశాంగ మంత్రిని చేయ తలపెట్టగా సైన్యము అడ్డుపడెను. 1945 ఏప్రిలులో, యుద్ధమును త్వరగా ముగింపుమని చక్రవర్తికి చేసిన విన్నపముతో ఆయనకు సంబంధము కలదని సైనిక పోలీసులు బంధించి, సుమారు నలుబది దినములు చెఱలో నుంచిరి. ఆ చెఱవాసమే తరువాత విజేతలకు ఆయనపై నమ్మకము కలిగించెను.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయెను. మఱుసటి యేడు మే నెలలో యోషిదా ప్రధానమంత్రి యయ్యెను. నగరములు బూడిదయై యుండెను, తిండిగింజలు కఱవయ్యెను, జనరల్ మెకార్థర్ ఆజ్ఞయే పైయాజ్ఞగా నుండెను. 1947 మే 3వ తేదీన అమలులోనికి వచ్చిన నూతన రాజ్యాంగము తన 9వ అధికరణములో యుద్ధమును త్యజించెను. ఆ నెలలోనే పదవి విడిచిన యోషిదా, 1948లో మఱల ప్రధాని యయ్యెను. 1949లో డాలరునకు 360 యెన్లు అను మారకపు ధర స్థిరపడెను.

1950 జూనులో కొరియా యుద్ధము మొదలయ్యెను. అమెరికా సేనలకు వలసిన సరకుల కొఱకు జపాను కర్మాగారములకు విరివిగా పని దొరకెను. మెకార్థర్ ఆజ్ఞపై 75,000 మందితో పోలీసు దళ మొకటి ఏర్పడెను. అంతటితో తృప్తి చెందక, పెద్ద సైన్యమును కూర్చుకొనుమని అమెరికా దూత డల్లెస్ 1951లో ఒత్తిడి చేసెను. దేశము బీదదని, ప్రజలకు సైన్యమన్న భయము తీరలేదని చెప్పి యోషిదా దానిని త్రోసిపుచ్చెను. రక్షణభారము అమెరికాపై నుంచి, ఉన్న ధనమును జీవనోపాధికి వినియోగించుటయే ఆయన నీతి.

1951 సెప్టెంబరు 8వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కోలో 48 దేశములు జపానుతో శాంతి సంధి చేసికొనెను. విదేశీసేనలు జపానులో నిలుచుట మొదలగు అంశములపై అభ్యంతరము తెలిపి, మన భారతదేశము ఆ సభకు పోలేదు. 1952 జూను 9న వేఱుగా సంధి చేసికొని, నష్టపరిహారమును వదలుకొనెను. శాన్ ఫ్రాన్సిస్కో సంధి జరిగిన దినముననే అమెరికా, జపానుల నడుమ రక్షణ ఒడంబడికయు ముగిసెను. దానిపై అమెరికా పక్షమున నలుగురు చేవ్రాలు చేయగా, జపాను పక్షమున యోషిదా ఒక్కడే చేసెను. రాబోవు నింద ఎంతటిదో ఆయన యెఱుగును.

ఆ ఒడంబడిక సమానుల నడుమ జరిగినది కాదు. అమెరికాకు స్థావరములు దక్కెను. జపానును కాపాడితీరవలెనను స్పష్టమైన బాధ్యత మాత్రము లేకపోయెను. జపాను ప్రభుత్వము కోరినచో లోపలి అల్లర్ల నణచుటకును ఆ సేనలను వాడవచ్చును. 1952 ఏప్రిల్ 28న జపాను స్వతంత్రమైనను, ఒకినావా ద్వీపము 1972 వఱకు అమెరికా పాలనలోనే యుండెను. స్థావరముల భారము నేటికిని ఆ ద్వీపవాసులపైననే ఎక్కువగా కలదు.

యోషిదా ముక్కోపి. 1953లో శాసనసభలో ఒక సభ్యుని తూలనాడుటచే రేగిన కలహము సభ రద్దగుట వఱకు పోయెను. 1954లో ఆత్మరక్షణ దళములు ఏర్పడెను. ఆ డిసెంబరులోనే ఆయన పదవి వీడెను. 1960లో గొప్ప ఆందోళనల నడుమ ఒడంబడిక సవరింపబడి, అమెరికా రక్షణబాధ్యత స్పష్టమయ్యెను. ఆయన శిష్యులైన ఇకెదా, సాతోలు వరుసగా ప్రధానులై ఆర్థికాభివృద్ధి మార్గమునే అనుసరించిరి. 1967 అక్టోబరు 20న, తన 89వ యేట, ఒయిసోలోని స్వగృహమున ఆయన మరణించెను. ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను.

పరుల అండను కోరి బ్రతుకుట గౌరవమా యని ఆయనను నిందించినవారు కలరు. కూలిన యింటిని నిలువబెట్టుకొను వఱకు పొరుగువాని అండ కోరుట తప్పుకాదని సమర్థించినవారును కలరు. దేశము కోలుకొనిన మాట నిజము. అందుకు ఒకినావా ప్రజలు అధికముగా మూల్యము చెల్లించిన మాటయు నిజము. ఈ రెంటిలో ఏ యొక్కదానిని విడిచినను యోషిదా చరిత్ర సంపూర్ణము కాదని మా యభిప్రాయము.