మెల్లని గొంతు: ఏ. ఎం. రాజా గారి తొలి దినములు

సినిమా పాటలు పాడిన ఒక మనుష్యుని జీవితమును ఈ పుటలలో చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చును. అయితే ఈయన మనకు పరాయివాడు కాడు. శాంతిపురము, కుప్పము, పుంగనూరు, మదనపల్లె ఏ చిత్తూరు జిల్లాలో నుండెనో ఆ జిల్లా బిడ్డడే ఈయన. మన యిండ్లలో పెద్దవారు కళ్లములోనో బావి దగ్గరనో సన్నగా కూనిరాగము తీసిన పాటలలో కొన్ని ఈయన పాడినవే. ఆయన కీర్తిని గూర్చి చాలమంది వ్రాసిరి. మేము ముఖ్యముగా ఆయన తొలి దినములను గూర్చి చెప్పదలచితిమి.

రాజా గారు 1929 జూలై 1వ తేదీన రామాపురమను ఊరిలో జన్మించెను. తండ్రి పేరు మన్మథరాజు. బిడ్డ మూడు నెలలవాడై యుండగానే తండ్రి మరణించెను. తరువాత ఆ కుటుంబము రేణుకాపురమునకు వెళ్లి అక్కడ నివసించెను. బాలుడు అక్కడను, అరవదేశములోని ఆరణిలోను బడి చదువు ముగించెను. మగదిక్కు లేని యింట పెరిగిన పిల్లవానికి ఊరివారు చెప్పు బుద్ధి ఏదో మన పల్లెలలో అందరికి తెలిసినదే. బాగుగా చదువుకొనుము, నెలజీతము తెచ్చు ఉద్యోగములో చేరుము, అమ్మను చూచుకొనుము అందురు. పాట పాడి బ్రదుకుమని ఎవరును చెప్పరు. ఆ దినములలో పాటగాడన్న మాటకు గౌరవముకన్న అనుమానమే ఎక్కువగా నుండెను.

రాజా గారు చదువు మానలేదు. మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరి 1951లో బి. ఏ. పట్టము పొందెను. అక్కడ చదువుచుండగానే పాటల పోటీలలో బహుమానములు గెలుచుకొనెను. ఇంకొక సంగతి గమనింపదగినది. మన సరిహద్దు ఊళ్లలో బిడ్డలు ఇంట తెలుగు, సంతలో అరవము, బస్సులో కన్నడము వినుచు పెరుగుదురు. ఇది కొరత యని కొందరు పట్టణవాసులు నవ్వుదురు గాని మేమట్లు తలంపము. ఇదే సరిహద్దు జిల్లాలో పుట్టి అరవదేశములో చదివిన రాజా గారు తరువాత తెలుగు, అరవము, మలయాళము, కన్నడము, కొన్ని సింహళ పాటలు కూడ పాడెను.

కళాశాలలో నుండగానే ఆయన రెండు తెలుగు పాటలకు తానే వరుసలు కట్టి హెచ్. ఎం. వి. గ్రామఫోను కంపెనీ వారికి పాడెను. ఆ పాటలకు వాద్యములను నడిపినవాడు, తరువాతి కాలములో గొప్ప సంగీత దర్శకుడని పేరు పొందిన కె. వి. మహదేవన్ గారు. నాటి గ్రామఫోను పలక ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు కొంచెము మించి పట్టదు. అంతలోనే మనుష్యుడు తన సత్తువ నంతటిని చూపవలెను. ఆ పాటలు మద్రాసు రేడియోలో వచ్చినప్పుడు జెమినీ స్టూడియో యజమానియగు ఎస్. ఎస్. వాసన్ గారి చెవిని పడెను. ఆయన ఈ క్రొత్త గొంతును పిలిపించి, 1951లో వచ్చిన సంసారమను అరవ చిత్రములో పాడించెను. వీణ విద్వాంసుడగు ఈమని శంకరశాస్త్రి గారు దానికి సంగీతము కూర్చిరి. ఆ ఒక్క పాటతో పట్టము చేత పట్టుకొన్న యువకుని దారి మారిపోయెను. జీతపు ఉద్యోగములోనికి వెళ్లవలసినవాడు, రేపు ఏమగునో తెలియని పనిలోనికి వెళ్లెను.

ఆ గొంతులో క్రొత్త యేమి? ఇది కొంచెము నిదానముగా చెప్పవలసిన సంగతి. మన జాతరలలో వీధి నాటకములు, పట్టణములలో పద్యనాటకములు ఆడిన కాలమున మైకు లేదు. నటుడు హార్మోనియము మీదుగా, పెట్రోమాక్సు దీపముల వెలుగులో, కడపటి వరుసలో చాపమీద కూర్చున్న రైతుకు వినబడునట్లు గొంతెత్తి పాడవలెను. అందుచేత పాటగాడనగా పెద్ద గొంతువాడనియే అందరు తలంచిరి. మైకు వచ్చిన తరువాత లెక్క మారెను. చెవి దగ్గర మాటలాడినట్లు మెల్లగా పాడినను వేలమందికి వినబడును. అమెరికాలో 1930 ప్రాంతమునకే బింగ్ క్రాస్బీ మొదలగువారు ఈ విధముగా పాడి ప్రసిద్ధిపొందిరి. హిందీలో తలత్ మహమూద్ గారిది ఇట్టి గొంతే. తెలుగు అరవములలో ఆ మృదుత్వమును బాగుగా నిలిపినవారిలో రాజా గారు ముందువాడు. అరచుట చేతకాక మెల్లగా పాడెనని కొందరు అనుకొందురు. అది సరికాదు. మెల్లని పాటలో శ్రుతి తప్పినను, ఊపిరి తడబడినను దాచుకొనుటకు చోటు లేదు.

అమెరికాలో ఈ మెల్లని పాట ఎక్కడ పెరిగెనో కూడ చదువరులు తెలిసికొనవలెను. అది మొదట రేడియోలోను, గ్రామఫోను పలకలలోను పెరిగి, తరువాత రాత్రి క్లబ్బులలోను, లాస్ వేగాస్ నగరపు జూదశాలల ప్రక్కనున్న హాళ్లలోను వినబడెను. అట్లు పాడినవారిలో నాట్ కింగ్ కోల్ అను నల్లజాతీయుడు ఒకడు. అతని తండ్రి చికాగో నగరములో బాప్తిస్టు సంఘకాపరి. తల్లి గుడిలో ఆర్గాను వాయించుచుండెను, కుమారునికి నేర్పినది ఆమెయే. తండ్రి ప్రసంగములలో చెప్పిన రాబందు, కోతి కథనే పాటగా కట్టి ఆ కుమారుడు 1940ల నడుమ పేరు పొందెను. లాస్ వేగాస్‌లో వేదికమీద చప్పట్లు కొట్టించుకొన్న నల్లజాతి గాయకులను అనేక సంవత్సరములు అక్కడి పెద్ద హోటళ్లు రాత్రి పండుకొననీయలేదు. పాట కావలెను, పాడినవాడు వద్దు. కోల్ 1965లో మరణించెను. మన రాజా గారికి జూదశాలలు లేవు గాని, పాట ఒకరిది, ముఖము ఇంకొకరిది యను మరియొక విధమైన దూరము ఉండెను.

సినిమాలో నటుడు పెదవులు కదలించును, గొంతు వేరొకరు ఇత్తురు. అప్పుడు పాటగాడు, వాద్యములవారు అందరు కలిసి ఒక్కమారుగా పాడవలెను. వయొలిను వాయించు ఒకడు పొరబడినను అందరు మొదటినుండి మరల ఆరంభింపవలెను. ఇంత కష్టపడి పాడిన పాటను జనులు తెరమీద కనబడిన నటుని పేరుతోనే చెప్పుకొందురు. 1953లో వచ్చిన పక్కింటి అమ్మాయి యను చిత్రమున ఇదే కథాంశము. పాటరాని కథానాయకుడుగా రేలంగి గారు కిటికీలో నిలిచి పెదవులాడించును. మరుగున నుండి పాడు స్నేహితుని వేషము వేసినది స్వయముగా రాజా గారే. ప్రక్కింటి పిల్లగా అంజలీదేవి గారు నటించిరి. జనులు కడుపుబ్బ నవ్విరి. అయితే నిజ జీవితములో దినమును చేయు పనినే తెరమీద హాస్యముగా ఆడుట ఆయనకు ఎట్లుండెనో గదా!

ఆ సంవత్సరములే ఆయనకు మిక్కిలి పంటగల సంవత్సరములు. రాజ్ కపూర్ గారి ఆహ్ అను హిందీ చిత్రము 1953లో ప్రేమలేఖలు అను పేరుతో తెలుగులోనికి వచ్చెను. దానిలో రాజా గారు, జిక్కీ గారు పాడిన పాటలు ఊరూర వినబడెను. 1954లో విప్రనారాయణ చిత్రమున నాగేశ్వరరావు గారికిని, 1955లో మిస్సమ్మ చిత్రమున రామారావు గారికిని ఆయన గొంతు అమరెను. రెంటికిని సాలూరి రాజేశ్వరరావు గారు సంగీతము కూర్చిరి. మిస్సమ్మలో మేరీయను క్రైస్తవ ఉపాధ్యాయురాలి కథ యున్నందున మన సంఘములలోని పెద్దలు ఆ చిత్రమును ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనిరని మా తలంపు. మంచి చదువున్నను పని దొరకని ఇద్దరు, బడిలో కొలువు కొరకు దంపతులమని చెప్పుకొని పడిన పాట్లు అందులో కథ. ఆ నవ్వుల కథలో రాజా గారి గొంతు వెన్నెలవలె చల్లగా నుండును.

జిక్కీ గారి అసలు పేరు కృష్ణవేణి. ఆమె కుటుంబము కూడ అప్పుడు మన జిల్లాలో నుండిన చంద్రగిరి వారిదే. ఆమె ఎనిమిదేండ్లు నిండీనిండని పిల్లగా 1943లో పంతులమ్మ చిత్రమున పాడెను. 1948లో వచ్చిన జ్ఞానసౌందరి యను అరవ చిత్రము క్రైస్తవ కథ. అందులో చిన్ననాటి జ్ఞానసౌందరి ప్రార్థనా గీతమును పాడినది ఈ జిక్కీయే. రాజా గారు, ఆమె అనేక పాటలు కలిసి పాడిన పిమ్మట 1958లో వివాహము చేసికొనిరి.

అదే సంవత్సరము రాజా గారు శోభ యను తెలుగు చిత్రముతో సంగీత దర్శకుడాయెను. తాను దర్శకుడైనప్పుడు సంగీతము నీకే ఇత్తునని మునుపు మాట యిచ్చిన శ్రీధర్ గారు ఆ మాట నిలువబెట్టుకొని 1959లో కల్యాణ పరిసు అను అరవ చిత్రమును ఆయనకు అప్పగించెను. అది గొప్పగా ఆడెను. 1960లో అదే కథ పెళ్లికానుకగా తెలుగులో వచ్చెను. దానికిని రాజా గారే వరుసలు కట్టెను. రామాపురమునుండి వచ్చిన తండ్రిలేని పిల్లవాడు ముప్పదియొక్క ఏండ్లకు ఇంత యెత్తునకు ఎక్కెను.

తరువాతి కథ త్వరగా చెప్పుదుము. ఆయన పనిలో పట్టుదల గలవాడు, ఎవరి మెప్పు కొరకును తగ్గువాడు కాడని పేరు. ఈ గుణము పాటకు మేలుచేసెను గాని పరిశ్రమలో స్నేహములకు మేలుచేయలేదు. 1961లో వచ్చిన తేన్ నిలవు తరువాత శ్రీధర్ గారితో కూడ పొత్తు తెగెను. అరవములో జెమినీ గణేశన్ గారికి పి. బి. శ్రీనివాస్ గారు పాడసాగిరి. తెలుగులో ఘంటసాల గారి గొంతు అన్నిటిని కప్పెను. తప్పు ఎవరిదని తేల్చుట మాకు ఇష్టము లేదు. తగ్గని స్వభావము లేనియెడల ఆ మెల్లని పాటలో అంత నిక్కచ్చి శ్రుతి యుండెడిదా యని మాత్రము అడుగవలసి యున్నది.

స్టూడియోలు పిలువని కాలమున భార్యాభర్తలు ఊరూర వేదికలమీద కచేరీలు చేసిరి. 1970లలో కొన్ని చిత్రములవారు మరల పిలిచిరి. 1989 ఏప్రిల్ నెలలో ఒక కచేరీ కొరకు ప్రయాణము చేయుచు, తిరునెల్వేలి జిల్లా వళ్లియూరు స్టేషనులో కదులుచున్న రైలు ఎక్కబోయి జారిపడి ఆయన మరణించెను. ఆయనకు అప్పటికి అరువది యేండ్లు నిండలేదు.

జిక్కీ గారు పాడుట మానలేదు. భర్త పోయిన పండ్రెండేండ్లకు, 2001లో వచ్చిన మురారి చిత్రములోని పెండ్లిపాటలో ఆమె గొంతు మరల వినబడెను. 2004 ఆగస్టులో ఆమెయు కన్నుమూసెను. ఆ పాటను నేటికిని మన పల్లెలలో పెండ్లి పందిళ్ల దగ్గర వేయుచున్నారు.