కర్నల్ షార్టు

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల బావినీరు చూచుటకు తేటగా నుండును. రుచికిని చెడ్డది కాదు. ఎండవేళ ఆ దారిని పోవు బాటసారి కడుపునిండ త్రాగినను దానియందు దోషమున్నదని కనుగొనజాలడు. మేమును అక్కడ పలుమారులు త్రాగినవారమే. అయినను తరతరములుగా ఆ నీటినే త్రాగుచు, ఆ నీటితోనే అన్నము వండుకొన్న కుటుంబములలో నడివయస్సు దాటకముందే నడుము బిగిసి, మెడ తిరుగక, తుదకు కాళ్లు చచ్చుపడి మంచము పట్టినవారు ఎందరో కలరు. ఇది వాతమనియు, పూర్వకర్మమనియు జనులు సరిపెట్టుకొనుచుండిన కాలమున, ఇది నీటిదోషమని శాస్త్రసిద్ధముగ వెల్లడించిన బృందమునకు నాయకుడు కర్నల్ హెన్రీ ఎడ్వర్డ్ షార్టు. మలేరియానుగూర్చియు, కాలాజ్వరమునుగూర్చియు ఆయన చేసిన పరిశోధనలు లోకప్రసిద్ధములు. మన జిల్లాలకు ఆయన చేసిన ఉపకారము మాత్రము మనలో పెక్కుమందికి తెలియదు. కావున ఆ చరిత్రమును నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

తెల్లదొరతనపు కొలువులో నుండిన సైనికవైద్యుని చరిత్రము మనకేలయని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న అసంగతము కాదు. ఆయన పనిచేసిన ఇండియన్ మెడికల్ సర్వీసు చిరకాలము ఆంగ్లేయుల కోటయై, పై పదవులను భారతీయులకు సులభముగ అందనీయకుండెను. దాని దోషములను మేము కప్పిపుచ్చము. కాని మన ఎద్దునకును మన కూలివానికిని వచ్చిన జబ్బునకు కారణము చెప్పినవాని పేరు మఱచుట మనకు మర్యాద కాదు. అదిగాక దొర పేరు చాటున భారతీయ శాస్త్రజ్ఞుల పేర్లును, మన రైతుల కంటిచూపును మఱుగుపడియున్నవి. వానిని వెలికితీయుటయు మా యుద్దేశములలో నొకటి.

షార్టు 1887వ సంవత్సరమున పంజాబులోని ధారివాల్ అను ఊర జన్మించెను. స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి, పుట్టిన దేశమునకే ఉద్యోగియై తిరిగివచ్చెను. వేటయందును చేపలు పట్టుటయందును ఆయనకు మక్కువ మెండు. కాని ఉద్యోగమున మాత్రము ఆసుపత్రికంటె ప్రయోగశాలయే ఆయన మనస్సును ఆకర్షించెను. కసౌలిలోని కేంద్ర పరిశోధనాలయమున సూక్ష్మజీవులను పరిశీలించుటలో ఆరితేరెను.

ఆ రోజులలో అస్సాము, వంగదేశము, బీహారులయందు కాలాజ్వరము ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టుచుండెను. ఉపేంద్రనాథ బ్రహ్మచారి దానికి మందు కనిపెట్టెను గాని, అది ఒకనినుండి మఱియొకనికి ఎట్లు సోకునో తేలకుండెను. 1924లో కలకత్తా వైద్యులు ఇసుకయీగ యను చిన్న పురుగు కడుపులో ఆ రోగబీజములు పెరుగుట చూచిరి. దానిని రూఢిచేయుటకై ప్రభుత్వము ఏర్పఱచిన కమిషనునకు మొదట క్రిస్టఫర్సును, తరువాత షార్టును నాయకులైరి. ఏండ్లు గడచెను. ఎన్ని యీగలచేత కుట్టించినను రోగము సోకదాయెను. తుదకు, ఒకసారి రోగిరక్తము త్రాగిన యీగకు మరల రక్తము పెట్టక ఎండుద్రాక్షరసము పెట్టినచో బీజములు దాని గొంతు నిండునట్లు వృద్ధి పొందునని స్మిత్తు మొదలగువారు కనుగొనిరి. ఆ ఉపాయముచేత 1942లో స్వచ్ఛందముగ ముందుకు వచ్చిన అయిదుగురికి యీగకాటు వలన జ్వరము సోకుట నిరూపితమాయెను. ఆ వ్యాసమున మొదటి పేరు స్వామినాథ్ అను భారతీయునిది, రెండవది షార్టుది. ఇట్లు ఒక్క ప్రశ్నకై ఏండ్ల తరబడి వేచిన ఓర్పు ఆయనది.

ఆ యేండ్ల నడుమనే షార్టు మద్రాసు చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు డైరెక్టరుగా వచ్చెను. ఆ సంస్థ మశూచి టీకామందు తయారుచేయుటతో బాటు రాజధానిలోని త్రాగునీటిని పరీక్షించుపనియు చేయుచుండెను. మన కథకు ఇది ముఖ్యము.

అయితే కథకు మొదలు గిండీలో కాదు, మన పొలములలోనే. 1930వ దశకపు తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు నడువలేకుండుట గమనించిరి. మేతకు లోటు లేదు, గాయము లేదు, గాలికుంటు కాదు. కీళ్లు బిగిసి, నొప్పిచేత అడుగు తీసి అడుగు వేయలేక, కాడికి కట్టిన పశువు చాలు మధ్య నిలిచిపోవుచుండెను. ఒంగోలుజాతి ఎద్దును కన్నబిడ్డవలె పెంచుకొను రైతునకు దాని నడకలో లేశమైన మార్పు వచ్చినను తెలియకపోదు. తన నడుము నొప్పిని వానకో ముసలితనమునకో అంటగట్టి ఊరకుండినవాడు ఎద్దు నడుము బిగిసినపుడు ఊరకుండలేదు. పశువైద్యులును 1934, 1935 సంవత్సరముల నివేదికలలో ఇట్టి వ్యాధిని పేర్కొనిరి. మనుష్యుల వంతు ఆ తరువాత వచ్చెను. ఈ వరుసను తలచుకొన్నపుడెల్ల మాకు కొంత సిగ్గు కలుగుచున్నది.

అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రముగ ఏర్పడి 1972లో ప్రకాశము పేరు దాల్చిన జిల్లాలో చేరినవి. ఆ మెట్టప్రాంతపు గ్రామములలోని మనుష్యులను, బావులను పరీక్షించి, 1937లో షార్టు, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి అను ముగ్గురు కలిసి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరిను వ్యాధినిగూర్చి ఇండియన్ మెడికల్ గెజెటున వ్యాసము ప్రకటించిరి. పండిట్ మహాశయుడు తరువాత భారత వైద్యపరిశోధనా మండలికి మొదటి డైరెక్టరాయెను. రాఘవాచారి నీటి పరీక్షలో నిపుణుడు. బావినీటిలో ఫ్లోరైడు పాలు తేల్చు పని లేనిచో దొర వైద్యము ఊహగానే మిగిలియుండెడిది.

అదే సంవత్సరమున షార్టు, మద్రాసులోని వైద్యుడు మాక్ రాబర్టు, ఎక్సురే నిపుణుడు బర్నార్డు, మన్నాడి నాయర్ అనువారు కలిసి రెండవ వ్యాసము ప్రకటించిరి. నాడీమండలపు రోగములను పరిశీలించువారికి ఇది నేటికిని ఆద్యగ్రంథము వంటిది. మన గ్రామములలో కాళ్లు చేతులు పడిపోయిన ప్రతి రోగమును పక్షవాతమనుట వాడుక. పక్షవాతమున మెదడులోని రక్తనాళము మూసికొని పోవుటచేతనో చిట్లుటచేతనో, నిన్నటివఱకు తిరిగిన మనుష్యుడు నేడు ఒక ప్రక్క పడిపోవును. ఈ రోగము అట్లు రాదు. పదియేండ్లు, ఇరువదియేండ్లు ఎముకలలో ఫ్లోరైడు కూడుకొనును. చిన్నతనమున పండ్లపై గోధుమరంగు మచ్చలు తోచును. పెద్దతనమున ఎముకలు దళసరియై, ఎక్సురే చిత్రములో సుద్దముక్కవలె తెల్లగా కనబడును. ఎముకలను కట్టియుంచు బంధనములును ఎముకగా మాఱిపోవును. వెన్నెముక యంతయు ఒక్క కఱ్ఱయగును. ఆ వెన్నెముక నడుమ వెన్నుపాము పోవు మార్గము ఇరుకై, లోపలి నరములు నొక్కుకొని పోవును. మొదట రెండు కాళ్లును తిమ్మిరెక్కి బిగిసికొనును. తరువాత చేతులు. తుదకు మలమూత్రములపై స్వాధీనము తప్పును. మెదడునకు మాత్రము ఏమియు కాదు. తెలివి యంతయు నిలిచియుండగనే మనుష్యుడు కొయ్యయగుట యెంత ఘోరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎముక వ్యాధి ముదిరినవారిలో సుమారు నూటికి పదిమందికి ఇట్టి నాడీబాధ కలుగునని తరువాతి వైద్యులు లెక్కగట్టిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ రోగులనుగూర్చి వ్రాసెను. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి దీర్ఘకాలము దీనిపై పరిశోధించెను. శస్త్రముచేత కొందరికి కొంత మేలు కలిగినను, గట్టిపడిన ఎముకను మరల మునుపటివలె చేయు మందు నేటికిని లేదు.

ఈ విద్యలో ప్రపంచము అప్పటికే కొంత ముందడుగు వేసియుండెను. అమెరికాలోని కొలరాడోలో పండ్లపై పడు మచ్చలను మెకే అను దంతవైద్యుడు ముప్పదియేండ్లు వెంటాడగా, 1931లో చర్చిల్ అను రసాయనజ్ఞుడు అది నీటిలోని ఫ్లోరైడు పని యని తేల్చెను. మఱునాటి సంవత్సరమున డెన్మార్కులో క్రయొలైటు రాతిని పొడిచేయు కార్మికుల ఎముకలు గట్టిపడుట మోల్లరు మొదలగువారు చూపిరి. అచ్చట అది కర్మాగారపు ధూళివలన వచ్చిన వ్యాధి. కార్మికుడు పని మానినచో ధూళి మానును. మన రైతునకు ఆ త్రోవయును లేదు. ధూళి మానవచ్చును, నీరు మానుట ఎట్లు?

ఫ్లోరైడు ఎవరో బావిలో కలిపిన విషము కాదు. మన మెట్టల క్రింది రాళ్లలో, నల్ల అభ్రకములో, అపటైటు మొదలగు ఖనిజములలో అది ఇమిడియున్నది. వాన తక్కువై, ఎండ మిక్కుటమై, నీరు రాతిలో చిరకాలము నిలువయుండి, దానిలో సున్నపు అంశము తగ్గి సోడాక్షారము హెచ్చినకొలది ఫ్లోరైడు నీటిలోనికి దిగుచుండును. కావుననే ఒక ఊరిలో ఒక బావి మంచిదిగను, దాని ప్రక్క బావి చెడ్డదిగను ఉండుట కలదు. నాలుకకు ఈ భేదము తెలియదు, పరీక్షయే శరణ్యము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటె మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు విధించినది. మన దేశపు ప్రమాణము ఒక మిల్లీగ్రామునకే తృప్తి పడుమనుచున్నది, వేఱునీరు దొరకనిచోట మాత్రమే ఒకటిన్నర వఱకు సహించుచున్నది.

భూస్వాములైన మా పాఠకులు ఒక సంగతి యోచింపవలెను. ఒకే బావినీరు త్రాగినను అందఱికిని ఒకే కీడు కలుగదు. నీడపట్టున కూర్చున్న యజమాని త్రాగు నీరెంత? మండుటెండలో మిరపపండ్లు కోయు కూలిస్త్రీ త్రాగు నీరెంత? త్రాగినకొలది ఫ్లోరైడు చేరుచుండును. పైగా పాలు, కూరగాయలు లేని ఒట్టి తిండి తినువారికి వ్యాధి ముదురునని పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి అనువారు 1940లో ప్రకటించిన పరిశోధనవలన తెలియుచున్నది. అనగా నీరు ఒక్కటే యైనను ఎముక మీది భారము పేదవానికే యెక్కువ.

కారణము 1937లో తెలిసెను. నివారణ యేదియని యడిగిన యెడల, వేఱునీరు ఇచ్చుట తప్ప మఱియొకటి లేదు. అది ప్రయోగశాల పని కాదు, ప్రభుత్వపు పని. ఇచ్చట మేము పరులనే నిందించి ఊరకుండజాలము. ఆ 1937 జులైలోనే మద్రాసున కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. ఒంగోలు ప్రాంతపు బిడ్డయైన ప్రకాశము పంతులుగారే రెవెన్యూ మంత్రి. జమీందారీ రైతుల హక్కులకై వారి సంఘము చేసిన విచారణ చిరస్మరణీయము. కాని 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా యిచ్చువఱకును ఆ తాలూకాలకు వేఱునీరు రాలేదు. తరువాత యుద్ధము, తరువాత స్వరాజ్యము. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ క్రింద గుంటూరు, ప్రకాశము పొలములు పచ్చబడెను. కాలువ చేరని మెట్టమీద మాత్రము బావి ఎండినచోట బోరు దింపిరి. బోరు లోతైనకొలది నీరు మంచిదనుకొనుట కేవలము భ్రమ. నాగపురపు పరిశోధనాసంస్థ పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టినది. పద్ధతి మంచిదే. కాని దినదినము పటిక కొలిచి, మడ్డి తీసి, యంత్రమును కాపాడువాడు లేక అనేక చోట్ల అది మూలబడినది. సాగరు నీరు గొట్టముల ద్వారా దర్శి, కనిగిరి వైపులకు కొంత చేరినది. నేడు ఊరూర శుద్ధిచేసిన నీటిని డబ్బాలలో అమ్ముచున్నారు. కొనగలిగినవారు కొనుచున్నారు.

షార్టు ఈ కథ తుదవఱకు ఇచ్చట నుండలేదు. మద్రాసు విడిచి, అస్సాములో ఆసుపత్రుల, చెఱసాలల పై అధికారియై, 1944లో సర్వీసునుండి విరమించి లండనులోని ఉష్ణదేశ వైద్యపాఠశాలలో ఆచార్యుడాయెను. 1897లో మన సికిందరాబాదున రొనాల్డ్ రాసు దోమకడుపులో మలేరియా బీజమును చూచినప్పటినుండి ఒక చిక్కు మిగిలిపోయెను. దోమ కుట్టిన తరువాత కొన్ని దినములు ఆ బీజము రక్తమున కనబడదు. అంతవఱకు అది ఎక్కడ దాగియుండును? 1948లో షార్టు, గార్నామ్ అను ఇరువురు కోతి కాలేయమును కోసి, అది కాలేయకణములలో పెరుగుచుండుట చూపిరి. పిమ్మట మనుష్యుని కాలేయమునను చూపిరి. ఏబదియేండ్ల చిక్కు విడిపోయెను. 1950లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ నెన్నుకొనెను. మలేరియా గ్రంథములలో ఆయన పేరు నేటికిని మొదటి పుటలలో నుండును. నెల్లూరు జిల్లా బావులనుగూర్చిన ఆ రెండు వ్యాసములను మాత్రము వైద్యులు తప్ప తిరుగవేసి చూచువారు లేరు.

ఆయన నూఱేండ్లు నిండ జీవించి, 1987లో కాలధర్మము నొందెను. ఆ వ్యాసములు వెలువడి అప్పటికి సరిగ ఏబదియేండ్లు. కనిగిరి మెట్టలలోని అనేక గ్రామములవారు అప్పటికిని ఆ నీటినే చేది త్రాగుచుండిరి.