భాష రాని చోట మోగిన కాంగా

చానో పోసో 1915 జనవరి 7న క్యూబా రాజధాని హవానాలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. స్వరలిపి చదవడం రాదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన పూర్వీకులు కాపాడుకున్న లయలను తన వాడలోనే విని నేర్చుకున్నారు. పీపాలా పొడవుగా ఉండి, ఉత్త చేతులతో వాయించే కాంగా డోలు ఆయన వాద్యం.

1947లో ఆయన న్యూయార్క్ చేరారు. ఇంగ్లీషు దాదాపు రాదు. హవానా నుంచి ముందే వచ్చి స్థిరపడిన సంగీతకారుడు మారియో బౌసా ఆయనను జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీకి పరిచయం చేశారు. ఇద్దరి మధ్య లయే భాష అయింది. ఆ సెప్టెంబరులో కార్నెగీ హాలు వేదికపై గిలెస్పీ బృందంతో కలిసి కాంగా మోగింది.

బస్సు ప్రయాణాల్లో చానో తోటి కళాకారులకు తలా ఒక లయ అప్పజెప్పి, అన్నీ కలిపి వాయించడం నేర్పేవారు. 'మాంటెకా' బాణీలో ఏ వాద్యం ఏం వాయించాలో నోటితో పాడి చూపించారు. ఒకదానిపై ఒకటి పేర్చిన ఆ వరుసలకు గిలెస్పీ మధ్యభాగం కూర్చారు. డిసెంబరులో అది రికార్డయింది. మరుసటి ఏడాది మొదట్లో బృందం యూరప్ పర్యటించింది.

1948 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒకరు జరిపిన కాల్పుల్లో చానో మరణించారు. వయసు 33 ఏళ్లే. గిలెస్పీతో వాయించింది ఏడాదికి కొంచెం పైన మాత్రమే. అయినా జాజ్‌లో కాంగాకు చోటు స్థిరపడింది. 'మాంటెకా' నేటికీ వేదికలపై మోగుతోంది.

బదిలీతో భాష తెలియని ఊళ్లో, కొత్త బడిలో చేరే మనకు చానో కథ దగ్గరిదే. వెంట తెచ్చుకున్న లయను ఆయన తోటివారికి నేర్పారు, వారి పాటలో తానూ కలిశారు.