పెట్రార్కు కవి జీవితము

నేడు ఐరోపాలోని పెక్కు విశ్వవిద్యాలయములయందు ఇటాలియను భాషయు వాఙ్మయమును ప్రత్యేక పాఠ్యవిషయములుగా నున్నవి. వానిని అభ్యసింప బూనిన విద్యార్థులు మొట్టమొదట విను నామములు డాంటే, పెట్రార్కు, బొకాచియో అను మూడు. ఈ మువ్వురిలో నడిమివాడగు పెట్రార్కు విశ్వవిద్యాలయమున చదివినది ఇటాలియను కాదు, న్యాయశాస్త్రము. ఏడేండ్లు చదివియు పట్టము పుచ్చుకొనకయే ఆయన దానిని విడిచిపెట్టెను.

ఫ్రాంచెస్కో పెట్రార్కు 1304వ సంవత్సరము జూలై 20వ తేదీన ఇటలీలోని ఆరెజ్జో పట్టణమున జన్మించెను. తండ్రియగు పెట్రాక్కో ఫ్లారెన్సు నగరమున దస్తావేజులు వ్రాయు నోటరీ. 1302లో పుర కక్షలవలన డాంటే మహాకవికి పట్టిన గతియే ఈతనికిని పట్టెను. ఆస్తి పోగొట్టుకొని దేశభ్రష్టుడయ్యెను. ఆ దినములలో పోపుగారి ఆస్థానము రోములోగాక దక్షిణ ఫ్రాన్సు ప్రాంతమునందలి అవిన్యోనులో నుండెను. వ్రాయసము తెలిసినవారికి అచ్చట పని దొరకునను ఆశతో ఆయన 1312 ప్రాంతమున భార్యాపుత్రులతో అచ్చటికి తరలెను.

పరదేశమున బ్రదుకువాడు తన కుమారునికి అన్నము పెట్టు విద్య చెప్పింపగోరుట సహజమేగదా. పండ్రెండేండ్ల ప్రాయముననే, 1316లో, బాలుని మాంపెల్యే నగరమునకు న్యాయశాస్త్రము చదువ బంపెను. అటుపిమ్మట 1320లో పెట్రార్కు తన తమ్ముడగు గెరార్డోతో గూడ ఇటలీలోని బొలోన్యాకు వెడలెను.

బొలోన్యా విద్యాపీఠము ఐరోపాలోనెల్ల ప్రాచీనమైనదిగా పేరుగాంచినది. 1088లో స్థాపితమైనదని సంప్రదాయముగ చెప్పుదురు. ఆరవ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి క్రోడీకరింపజేసిన రోమను ధర్మశాసనములే అచ్చటి ముఖ్యమైన చదువు. ఉపాధ్యాయుడు మూలమును చదివి, వాక్యవాక్యమునకు పూర్వుల వ్యాఖ్యలను వివరించుచుండును. బోధన యంతయు లాటినులోనే జరుగుచుండెను. వీథిలో మాటలాడు ఇటాలియనును పాఠముగా చెప్పవచ్చునని ఎవ్వరికిని తోచలేదు. అచ్చట మరియొక వింత గలదు. విద్యార్థులే సంఘముగా నేర్పడి తమలోనుండి అధ్యక్షుని ఎన్నుకొనుచుండిరి. వేళకు రాని ఉపాధ్యాయునికి జరిమానా విధించు అధికారము సయితము ఆ సంఘమునకు గలదు. ఈ పద్ధతి మన విద్యార్థులకు రుచించునేమోగాని మాకు రుచింపదు!

పెట్రార్కు మనస్సు మాత్రము శాసనములపై నిలువలేదు. ప్రాచీన రోమను కవుల గ్రంథములను, వక్తల గ్రంథములను సంపాదించి, రహస్యముగ దాచుకొని చదువుచుండెను. ఒకనాడు తండ్రి వానిని కనుగొని, ఇవియే చదువునకు విఘాతములని యెంచి, వెలికిదీసి నిప్పులో వేసెను. కుమారుడు తన దేహమే కాలుచున్నట్లు ఆక్రోశించెను. ఆ రోదనము వినజాలక తండ్రి చేయి చాచి, సగము మాడిన రెండు పుస్తకములను మంటనుండి తీసి ఇచ్చెను. ఒకటి వర్జిలు కావ్యము. అది అప్పుడప్పుడు మనస్సునకు విశ్రాంతి. రెండవది సిసిరోయొక్క అలంకారగ్రంథము. అది న్యాయశాస్త్రమునకు తోడ్పాటు. ఈ సంగతిని పెట్రార్కే వృద్ధాప్యమున నొక లేఖలో వ్రాసెను. ఆ తండ్రిని కఠినుడని తలంపరాదు. ఆయనయు సిసిరోయందు మిక్కిలి ప్రీతిగలవాడే. కుమారుని ఆకలి గుర్తెరిగియు కుటుంబముయొక్క ఆకలికి వెరచినవాడు.

1326లో తండ్రి మరణించెను. పెట్రార్కు అవిన్యోనుకు మరలివచ్చి న్యాయవిద్యకు స్వస్తిచెప్పెను. ధర్మశాసనములు గొప్పవియే యని ఆయన ఎల్లప్పుడును అంగీకరించెను. అయితే మనుష్యుల దుర్మార్గమువలన వాని ప్రయోగము చెడిపోయినదనియు, తాను న్యాయవాదియై నిజాయితీగా నడచుకొన్నచో లోకము దానిని తెలివితక్కువతనముగా నెంచుననియు ఆయన అభిప్రాయము. నిజాయితీతో వినియోగింపలేని విద్యను నేర్చుట ఆయనకు ఇష్టము లేకపోయెను.

పిదప చిన్న మతాధికారపదవులను పొంది, కార్డినలు కొలొన్నా గారి ఆశ్రయమున జీవించెను. 1327 ఏప్రిలు 6వ తేదీన అవిన్యోనులోని ఒక దేవాలయమున లారా యను స్త్రీని చూచెను. ఆమెనుగూర్చిన కవితలను జీవితాంతము ఇటాలియనులో వ్రాయుచునే యుండెను. ఆ సంపుటమున 366 పద్యములున్నవి. అందు 317 సానెట్లు. 1341 ఏప్రిలు 8వ తేదీన, ఈస్టరు ఆదివారమున, రోమునగరములో ఆయనకు కవిసార్వభౌమునిగా లారెలు ఆకుల కిరీటము పెట్టిరి. 1345లో వెరోనా పట్టణమున సిసిరో లేఖల నొక ప్రాచీన ప్రతియందు కనుగొని స్వయముగ ప్రతి వ్రాసికొనెను.

తన కీర్తి లాటినుమీదనే నిలుచునని ఆయన నమ్మకము. అందుకై 'ఆఫ్రికా' అను లాటిను వీరకావ్యమునకు పూనుకొనెనుగాని, అది పూర్తికాలేదు. ఇటాలియను పద్యములను చిల్లరరచనలనియే చెప్పుకొనెను. చెప్పుకొన్ననేమి, చివరివరకు వానిని దిద్దుచునే యుండెను! ఆయన స్వహస్తముతో కొంతభాగము వ్రాసిన ప్రతి వాటికను గ్రంథాలయమున నున్నది. 1525లో పియెట్రో బెంబో అను పండితుడు ఇటాలియను రచనకు కట్టుబాట్లు విధించుచు, పద్యమునకు పెట్రార్కును, వచనమునకు బొకాచియోను ప్రమాణముగా నిలిపెను. చిల్లరయని తలంచినది అట్లు భాషకే ఒరవడి యయ్యెను. ఆ భాషలో మాటలు మిక్కుటముగ మన తెలుగు మాటలవలెనే అచ్చులతో ముగియును. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అని కొందరు పాశ్చాత్యులు పిలిచినది ఇందువలననే.

బొకాచియోయు తండ్రి బలవంతమున చర్చి ధర్మశాస్త్రము చదివి విడిచినవాడే. 1350లో ఆయనకు పెట్రార్కుతో స్నేహము కలిసెను. 1373లో ఫ్లారెన్సు ప్రభుత్వము నియమింపగా, బొకాచియో డాంటే కావ్యముపై బహిరంగముగ ఉపన్యాసములిచ్చెను. దేశభాషలోని గ్రంథమును అట్లు పాఠముగా చెప్పుట అపూర్వము.

1374 జూలైలో, డెబ్బదియవ జన్మదినమునకు కొంచెము ముందుగా, ఆర్క్వా గ్రామమునందలి స్వగృహములో పెట్రార్కు కన్నుమూసెను. 1370లో వ్రాసిన వీలునామాలో బొకాచియోకు 50 బంగారు ఫ్లోరినులు విడిచెను. శీతకాలపు రాత్రులు మేల్కొని చదువుకొనునపుడు ధరించుటకు వెచ్చని అంగీ కుట్టించుకొనుటకై ఆ ధనము. ఆ పిమ్మట బొకాచియో ఒక్క శీతకాలమే పూర్తిగ బ్రదికి, 1375 డిసెంబరులో గతించెను.