వాసన గుట్టు విప్పిన శాస్త్రవేత్త

1940లలో లాస్ ఏంజెలిస్ నగరాన్ని తరచూ ఒక మసక కమ్మేసేది. కళ్లు మండేవి, గొంతు పట్టేసేది, తోటల్లో ఆకులు మాడిపోయేవి. ఫ్యాక్టరీల గంధకం పొగే కారణమని చాలామంది అనుకున్నారు. అసలు కారణం కనిపెట్టినవారు ఆరీ హాగెన్-స్మిట్.

ఆయన 1900లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టారు. అక్కడే డాక్టరేట్ చేసి, 1930లలో అమెరికా వెళ్లి, లాస్ ఏంజెలిస్ పక్కనే పాసడీనాలో ఉన్న కాల్టెక్‌లో ఆచార్యులయ్యారు. మొక్కల రుచికి, వాసనకు కారణమయ్యే రసాయనాలను విడదీయడంలో ఆయన దిట్ట. అనాసపండు పరిమళంపై పరిశోధించిన పద్ధతిలోనే ఊరి గాలినీ పరీక్షించారు. గాలిని లోపలికి లాగి బాగా చల్లబరిస్తే, ఘాటైన వాసనతో కొన్ని గోధుమరంగు చుక్కలు మిగిలాయి.

కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే మండని ఇంధన ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో ఆయన తేల్చారు. చమురు పరిశ్రమ డబ్బుతో పనిచేసిన పరిశోధకులు కాదన్నారు. ఆయన వాదనకు దిగలేదు. ఇష్టమైన మొక్కల పరిశోధనను పక్కనపెట్టి, ప్రయోగాలతోనే బదులిచ్చారు. ఓజోన్ తగిలితే సాగదీసిన రబ్బరు పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లనే కొలమానంగా వాడుకున్నారు.

1968లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు తొలి చైర్మన్ అయ్యారు. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మామూలైంది. 1977లో ఆయన కన్నుమూశారు.

వాసనను భరించడం కాదు, కారణం వెతకడం ఆయన నేర్పిన పాఠం. అది మన కారుకూ వర్తిస్తుంది. సైలెన్సర్ నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే కన్వర్టర్‌లోనో, ఇంధనం మండే తీరులోనో లోపం ఉండొచ్చు. పచ్చి పెట్రోలు వాసన వస్తే ఇంధనం పూర్తిగా మండడం లేదేమో చూపించండి. తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ ఇంజిన్‌లోకి కారుతోందని అనుమానించాలి. ఈ మూడింటిలో ఏది కనిపించినా మెకానిక్ దగ్గరకు వెళ్లడం ఆలస్యం చేయకండి.

ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కు మాత్రం ఏ వాసనా ఉండదు. అందుకే వాసన లేదని ధీమా వద్దు. స్కూలు గేటు దగ్గర ఎదురుచూసేటప్పుడు ఇంజిన్ ఆపేయండి. పొగగొట్టం ఎత్తుకు మన ముఖాలకన్నా పిల్లల ముఖాలే దగ్గర.